ఫిబ్రవరి మొదటి సోమవారం సెలవు ఎవరిది? బ్రిజిడ్ పండుగ పుట్టుక, ఆచారాలు

డబ్లిన్‌కు వచ్చి ఇంకా ఏడాది కాలేదని, పాప బడి నుంచి గడ్డితో అల్లిన సిలువ ఒకటి తెచ్చిందని, ఫిబ్రవరి మొదటి సోమవారం ఆఫీసుకు సెలవన్నారని రాశారు. తోటి ఉద్యోగి ఒకరు ‘అది మా సెయింట్ బ్రిజిడ్ పండుగ’ అంటే, పక్క సీటాయన ‘సెయింటేమిటి, ఆమె అయిదు వేల ఏళ్ల నాటి దేవత’ అన్నారట. ఎవరి మాట నమ్మాలి, ఇళ్లలో అసలు ఏం చేస్తారు, ఆ సిలువ మనమూ అల్లుకోవచ్చా, గోడకు తగిలించుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. నేను కిల్డేర్ కౌంటీలో కాపురం ఉండబట్టి పద్దెనిమిదేళ్లయింది. బ్రిజిడ్‌కు ఇది పుట్టినిల్లు కాకపోయినా మెట్టినిల్లు లాంటిది. ఏటా జనవరి చివరి వారంలో మా ఊరి లైబ్రరీలో పిల్లలకు సిలువలు నేర్పే బల్ల దగ్గర ఒక కుర్చీ నాది. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను. టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు సెలవు సంగతి తేల్చేద్దాం, అది చిన్నది. పండుగ ఫిబ్రవరి 1. సెలవు మాత్రం ఆ నెల మొదటి సోమవారం. ఒకటో తేదీ శుక్రవారం పడితే ఆ శుక్రవారమే సెలవు. కోవిడ్ కాస్త నెమ్మదించాక, 2022 జనవరిలో ఐర్లాండ్ ప్రభుత్వం దీన్ని ప్రకటించింది. 2023 ఫిబ్రవరి 6న మొదటిసారి అమలైంది. దాంతో ఏడాదికి తొమ్మిదిగా ఉన్న ప్రభుత్వ సెలవులు పదయ్యాయి. ఈ దేశంలో ఒక స్త్రీ పేరు మీద వచ్చిన మొదటి సెలవు ఇదే. పాట్రిక్‌ పండుగకు 1903లోనే సెలవు ఇచ్చారు. ఇద్దరూ ఐర్లాండ్‌కు రక్షకులైన పుణ్యమూర్తులే అయినా, ఆమె వంతు రావడానికి మరో నూట ఇరవై ఏళ్లు పట్టింది.

పాత ఐరిష్ లెక్కలో ఏడాది నాలుగు కాళ్ల మంచం. ఫిబ్రవరి 1న ఇంబొల్క్, మే 1న బ్యాల్తినె, ఆగస్టు 1న లూనసా, నవంబరు 1న సావిన్, ఒక్కో ఋతువు మొదలయ్యే పండుగలు. మే మొదటి సోమవారం, ఆగస్టు మొదటి సోమవారం, అక్టోబరు చివరి సోమవారం ముందునుంచే సెలవులు. ఫిబ్రవరి కోడు ఒక్కటే విరిగి ఉండేది. అదీ ఇప్పుడు అతికింది. ఈ పండుగను ఐరిష్ భాషలో ‘లా ఏలె బ్రీజె’ అంటారు, ‘బ్రిజిడ్ పండుగ రోజు’ అని అర్థం. మీ పాప ఈపాటికి ఇంతకంటే మంచి ఉచ్చారణ నేర్చుకునే ఉంటుంది.

ఇక్కడి బడుల్లో వసంతం ఫిబ్రవరి 1న మొదలవుతుందనే చెబుతారు. వాతావరణ శాఖ వారు మార్చి 1 అంటారు. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది నేనైతే శాఖవారి పక్షమే. బయట ఎముకలు కొరికే చలి, అడ్డంగా కొట్టే వాన, ఆకు లేని చెట్లు. దీన్ని వసంతమంటారా అని నవ్వుకున్నాను. మా ఎదురింటి పెద్దావిడ నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్లి తన తమ్ముడి గొర్రెల దొడ్డి చూపించింది. నిండు చూలుతో ఉన్న గొర్రెలు గోడవారగా నిలబడి ఉన్నాయి. ‘పొదుగులు చూడు, పాలు దిగుతున్నాయి. క్యాలెండర్ ఇక్కడుంది’ అంది. సూర్యుణ్ణి చూసినా తేడా తెలుస్తుంది. డిసెంబరు మూడో వారంలో నాలుగు దాటగానే అస్తమించేవాడు, ఫిబ్రవరి 1 నాటికి అయిదు వరకూ నిలుస్తాడు. కార్తె మారిందన్న సంగతి మన రైతులకు ఆకాశం చెప్పినట్టు, ఇక్కడి వాళ్లకు పొదుగు చెబుతుంది.

ఇంబొల్క్ అనే మాటకు పండితులు ఎక్కువమంది చెప్పే అర్థం ‘కడుపులో’ అని. చూలు గొర్రెల కడుపన్నమాట. సుమారు క్రీ.శ. 900 నాటి కోర్మాక్ నిఘంటువు అనే పాత ఐరిష్ పదకోశం దాన్నే ‘ఓయ్‌మెల్క్’ అని రాసి ‘గొర్రెపాలు’ అని విడమరిచింది. ఆ వ్యుత్పత్తిని నేటి భాషావేత్తలు చాలామంది ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా నాకది విలువైనదే. పదకొండు వందల ఏళ్ల కిందట ఆ పేరు చెవిన పడగానే చదువుకున్నవాడికి కూడా మొదట తోచింది పాలే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

ఇక దేవతా, సన్యాసినా అన్న తగువు. ఇంటర్నెట్‌లో దీని మీద యుద్ధాలే జరుగుతున్నాయి. నేనైతే రాతలను కాలక్రమంలో పేర్చి చూడమంటాను.

సంప్రదాయం ప్రకారం సన్యాసిని బ్రిజిడ్ పుట్టింది 451 ప్రాంతంలో, లౌత్ కౌంటీలో డండాక్ దగ్గరి ఫోహర్ట్‌లో. పోయింది 524 ప్రాంతంలో, కిల్డేర్‌లో. ఆమె జీవితం గురించి మనకు దక్కిన తొలి రచనల్లో ఒకటి కొగిటోసస్ అనే సన్యాసి లాటిన్‌లో రాసినది. అది ఏడో శతాబ్దం నడుమ నాటిది, అంటే ఆమె పోయిన నూరేళ్లు దాటిన తర్వాతిది. దేవత సంగతి రాతలో కనిపించేది పైన చెప్పిన కోర్మాక్ నిఘంటువులో. దాగ్ద అనే దేవుడికి బ్రిగిత్ అనే కూతురు ఉండేదని, ఆమెను కవులు కొలిచేవారని, అదే పేరుతో ఆమెకు ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉండేవారని, ఒకరు వైద్యానికి, ఒకరు కమ్మరి పనికి అధిదేవతలని అందులో ఉంది. అంటే సన్యాసిని గురించిన రాతే ముందు వచ్చింది, దేవత గురించిన రాత రెండు వందల ఏళ్లు వెనక. ఆ నిఘంటువు రాసిందీ క్రైస్తవులే.

ఇంతమాత్రాన దేవత కల్పితమని నేను అనను. పేరే ఒక సాక్ష్యం. బ్రిగిత్ అంటే ‘ఉన్నతురాలు’. మన ‘బృహత్’, వేదభాషలోని ‘బృహతీ’ పుట్టింది కూడా ఆ ధాతువు నుంచే. ఈ ముచ్చట తెలిసిన దగ్గర్నుంచి తెలుగు పేపర్లో ‘బృహత్ ప్రణాళిక’ అని కనిపించినప్పుడల్లా నాకు కిల్డేర్ గుర్తొస్తోంది. బ్రిటన్‌లో రోమన్ల కాలపు శాసనాల్లో బ్రిగాంతియా అనే దేవత ఉంది, ఆ పేరుదీ ఇదే వంశం. కనుక ఆ పేరుతో ఒక దేవతను ఈ ద్వీపాల్లో కొలిచారనడం ఊహకు అందే మాటే. కానీ ‘అయిదు వేల ఏళ్లు’ అన్న లెక్క బ్రిజిడ్‌ది కాదు, ఇక్కడి రాతి సమాధులది. టారా కొండ మీది ఒక సమాధిలోకి ఫిబ్రవరి మొదట్లో సూర్యోదయపు వెలుగు సూటిగా వెళుతుంది. నిజమే. నవంబరు మొదట్లోనూ అలాగే వెళుతుంది. లోపల ఎవరిని తలచుకున్నారో రాయి చెప్పదు. మీ పక్క సీటాయన ఆ రాయి చేత బ్రిజిడ్ పేరు పలికిస్తున్నారు.

నన్నడిగితే ఈ తగువును కాసేపు పక్కనపెట్టి, ఆ ముందురోజు రాత్రి ఇళ్లలో ఏం చేసేవారో చూడాలి. అక్కడ తత్వశాస్త్రం తక్కువ, పాడి ఎక్కువ. పుణ్యచరిత్ర కథలూ అదే దారిలో నడుస్తాయి. ఆమె తల్లి బ్రోక్సెక్ బానిస. పొద్దుపొడుపు వేళ పాలు పితికి తెస్తూ, ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట ఉండగా బిడ్డను కన్నదట. ఆ పిల్లకు మామూలు తిండి ఇమడకపోతే ఎర్ర చెవుల తెల్లావు పాలు పట్టారట. పెద్దదయ్యాక వెన్న చిలకడానికి పంపితే, చిలికిన వెన్నంతా పేదలకు పంచిపెట్టి, లెక్క చూపించాల్సిన వేళకు ప్రార్థన చేస్తే మళ్లీ సరిపడా వెన్న వచ్చిందట. అతిథులుగా బిషప్పులు దిగితే ఒకే ఆవు ఒకే రోజు మూడుసార్లు పాలిచ్చిందని కొగిటోసస్ రాశాడు. తండ్రి కత్తిని తీసి కుష్ఠురోగికి దానమిచ్చిన కథ కూడా ఉంది. దాన్ని అమ్ముకుని కడుపు నింపుకోమని ఇచ్చిందట. ఇతరుల సొమ్ము దానం చేయడంలో ఈమెకు మొహమాటం లేదు. బహుశా జనం ఆమెను అంతగా ప్రేమించింది అందుకే.

అన్నిటికంటే ప్రసిద్ధమైనది పైవస్త్రం కథ. మఠానికి స్థలం కావాలని లెన్‌స్టర్ రాజును అడిగితే ఇవ్వనన్నాడు. ‘పోనీ, నా పైవస్త్రం పరిచినంత మేర ఇవ్వండి’ అంది. సరేనన్నాడు. నలుగురు అమ్మాయిలు నాలుగు కొసలు పట్టుకుని నాలుగు దిక్కులకు నడిస్తే గుడ్డ సాగుతూ పోయి మైదానమంతా కప్పేసింది. వామనుడి కథ విని పెరిగినవాళ్లం కదా, రాజు ‘సరే’ అన్న చోటే మనకు ముగింపు తెలిసిపోతుంది. ఆ మైదానమే కిల్డేర్ పక్కనున్న కరా. సుమారు 5,000 ఎకరాల పచ్చిక. ఇప్పటికీ కంచె లేకుండా గొర్రెలు మేస్తుంటాయి. ఒక పక్క సైనిక శిబిరం, మరో పక్క ఐరిష్ డెర్బీ జరిగే గుర్రప్పందేల మైదానం. పొద్దున్నే అటువైపు కారులో పోతే మంచులోంచి పందెపు గుర్రాలు వరుసగా నడిచి వస్తుంటాయి.

ఇళ్లలో ఆచారాలకు వస్తాను. 1942లో ఐరిష్ జానపద పరిశోధన సంఘం ఈ పండుగ మీద ఒక ప్రశ్నావళిని దేశమంతా పంపించింది. వచ్చిన జవాబులు ఇప్పుడు డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలోని జానపద భాండాగారంలో ఉన్నాయి. ఈ పండుగ గురించి మనం ఖాయంగా చెప్పగలిగినదంతా చాలావరకు అక్కడిదే. అందులో మొదట తట్టేది ఆచారాల్లో ఊరికీ ఊరికీ ఉన్న తేడా. కాబట్టి ఎవరైనా ‘ఐరిష్ వాళ్లంతా ఇలా చేస్తారు’ అంటే నమ్మకండి. నేను రాసేదాంట్లో కూడా కొంత డొనెగాల్‌ది, కొంత గాల్వేది, కొంత కెర్రీది.

మా ఎదురింటి పెద్దావిడది పుట్టిల్లు డొనెగాల్. వయసు ఎనభై దాటింది. తన చిన్నప్పటి జనవరి 31 రాత్రి గురించి ఆమె చెప్పే తీరు వినాలి. చీకటి పడ్డాక తండ్రి బయటికి వెళ్లి, ముందే పీకి దాచి ఉంచిన తుంగమోపు భుజాన వేసుకుని, ఇంటి చుట్టూ తిరిగి వచ్చి తలుపు తట్టేవాడట. ‘మోకాళ్ల మీద కూర్చోండి, కళ్లు తెరవండి, బ్రిజిడ్‌ను లోపలికి రానివ్వండి’ అని బయటినుంచి కేక. ‘రావమ్మా, రా, రావమ్మా, రా’ అని లోపలినుంచి పిల్లలంతా జవాబు. ఇలా మూడుసార్లు. అప్పుడు తలుపు తీస్తే తండ్రి మోపు తెచ్చి భోజనాల బల్ల కింద పెట్టేవాడు. బల్ల మీద మెత్తగా మెదిపిన బంగాళాదుంపలు, నడుమ గుంట చేసి అందులో కరుగుతున్న వెన్న. ‘ఆ వెన్న గుంటలోకి మా అన్న చెంచా ముందు దిగుతుందా, నాది ముందు దిగుతుందా అన్నదే నాకు భక్తి’ అని నవ్వుతుంది. భోజనాలయ్యాక ఆ తుంగతోనే అందరూ కూర్చుని సిలువలు అల్లేవారు.

ఇక్కడ వెన్న ఊరికే రాలేదు. చలికాలం చివరికొచ్చేసరికి రైతు ఇంట్లో పాలు అడుగంటేవి. పాడి మళ్లీ మొదలయ్యే వేళ వచ్చిన ఈ రాత్రికి ఎలాగైనా తాజా వెన్న ఉండాలని పట్టుదల. పాడి ఉన్న ఇల్లాలు లేని ఇంటికి పాలో వెన్నో పంపేది. కొట్టంలో గడ్డి, గాదెలో దుంపలు ఎంత మిగిలాయో రైతు లెక్క చూసుకునేది కూడా ఇప్పుడే. కొన్ని దక్షిణ ప్రాంతాల్లో ఆ రోజు చక్రం తిరిగే పనేదీ చేసేవారు కాదు. బండి కట్టరు, రాట్నం తిప్పరు, మర ఆడించరు. గాల్వే తీరంలో ఇంటి నాలుగు మూలలా సముద్రపు నత్తగుల్లలు పెట్టేవారు, ఏడాది పొడుగునా చేపలు దండిగా దొరకాలని. ‘నా పండుగ దాటాక రోజు విడిచి రోజు మంచి వాతావరణం ఇస్తాను’ అని బ్రిజిడ్ మాట ఇచ్చిందని కూడా అంటారు. పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నాను, ఆ మాట నిలబెట్టుకోవడంలో ఆమె కొంచెం వెనకబడే ఉంది.

నాకు బాగా నచ్చినది ‘బ్రత్ బ్రీజె’, అంటే బ్రిజిడ్ గుడ్డ. ముందురోజు రాత్రి చిన్న గుడ్డముక్కనో రిబ్బనునో కిటికీ బయటో పొద మీదో ఆరేస్తారు. ఆ రాత్రి బ్రిజిడ్ ఆ దారిన పోతూ దాన్ని తాకుతుందని నమ్మకం. తెల్లవారాక లోపలికి తెచ్చి దాచుకుంటారు. తలనొప్పి వస్తే తలకు కట్టుకోవడానికి, ఆవు ఈనడానికి ఇబ్బంది పడుతుంటే దాని వీపు మీద వేయడానికి. కొన్ని ఇళ్లలో సాయంత్రం కొలిచి, పొద్దున మళ్లీ కొలిచేవారు. గుడ్డ పొడుగు పెరిగితే శుభం. రాత్రంతా మంచులో నానిన గుడ్డ సాగదా అని మా అబ్బాయి అడిగాడు. ‘సాగుతుంది, అందుకే కొలిచేది’ అంది పెద్దావిడ, కనురెప్ప కొట్టకుండా.

ఊరేగింపులు కూడా ఉండేవి. పిల్లలో, పెళ్లికాని యువతీయువకులో ‘బ్రీజోగ్’ అనే బొమ్మను పట్టుకుని ఇంటింటికీ తిరిగేవారు. ఆ బొమ్మకు లోపలి కర్ర చాలాచోట్ల ఏమిటనుకున్నారు? వెన్న చిలికే కవ్వం. కవ్వానికే గౌను తొడిగి, తల పెట్టి, అదే బ్రిజిడ్ అనేవారు. ఇచ్చిన చిల్లర, గుడ్లు, వెన్న పోగుచేసుకుని విందు చేసుకునేవారు. కెర్రీలో వీళ్లను బిడ్డీ బాయ్స్ అంటారు. బిడ్డీ అంటే బ్రిజిడ్‌కు ముద్దుపేరు. తెల్లబట్టలు, మొహం కప్పేసేలా గడ్డితో అల్లిన పొడవాటి శంకు ఆకారపు టోపీలు, వెంట వాయిద్యాలు. కిల్లోర్గ్లిన్ పట్టణంలో ఈ వేడుక ఇప్పటికీ పెద్ద ఎత్తున జరుగుతుంది. వీలుంటే ఒకసారి పాపను తీసుకెళ్లండి. టోపీలు చూసి మొదట జడుసుకున్నా తర్వాత వదలదు. గాల్వే వైపు మాత్రం బొమ్మకు బదులు ‘క్రిస్ బ్రీజె’ తిప్పేవారు. అది గడ్డితాడుతో పేనిన పెద్ద వలయం, దాని మీద అక్కడక్కడా సిలువలు. ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే దానిలోంచి మూడుసార్లు దూరి బయటికి వస్తే ఏడాదంతా రోగం రాదని నమ్మకం.

ఇప్పుడు మీ పాప తెచ్చిన సిలువ. పుణ్యకథ ప్రకారం, చావుబతుకుల్లో ఉన్న ఒక నాయకుడి మంచం పక్కన కూర్చున్న బ్రిజిడ్, నేల మీద పరిచిన తుంగ తీసి ఊరికే అల్లుతూ ఉందట. అదేమిటని అతను అడిగితే సిలువ గురించి చెప్పిందట. ఈ కథ ఆమె తొలి చరిత్రల్లో కనిపించదు, తర్వాతెప్పుడో చేరింది. ఆచారానికి వెనక ఉన్న అసలు భయం మాత్రం సూటిగా తెలుస్తుంది. అది నిప్పు. గడ్డి కప్పు, లోపల పగలూ రాత్రీ మండే పొయ్యి. అందుకే సిలువను దూలాల మధ్యో, గుమ్మం మీదో దోపేవారు, అగ్ని నుంచీ ఆకలి నుంచీ ఇంటిని కాయమని. మీకు తెలిసిన నాలుగు చేతుల రూపం ఒక్కటే కాదు. మూడు చేతులది ఉంది, దాన్ని ఎక్కువగా పశువుల కొట్టంలో పెట్టేవారు. పుల్లల మీద గడ్డిని నలుచదరపు గళ్లుగా చుట్టిన రకం కూడా ఉంది. నాలుగు చేతులదే అందరికీ గుర్తుండిపోవడానికి టెలివిజన్ కొంత కారణం. 1961 డిసెంబరు 31న మొదలైన ఐరిష్ ప్రభుత్వ టీవీ దాన్నే చిహ్నంగా పెట్టుకుని మూడు దశాబ్దాలకు పైగా వాడింది.

అల్లడం కష్టం కాదు. ఇక్కడి ‘రష్’ మన చాపల తుంగకు దూరపు చుట్టంలా ఉంటుంది. గుండ్రటి ఆకుపచ్చ కాడ, లోపల తెల్లటి బెండు. పూర్వం ఆ బెండును కొవ్వులో ముంచి దీపంగా వెలిగించేవారు. నీరు నిలిచే పొలాల్లో దుబ్బులుగా మొలుస్తుంది, రైతును అడిగితే కాదనడు. మొదటిసారి నేను కత్తెర పట్టుకుని బయల్దేరాను. పెద్దావిడ కత్తెర లాక్కుంది. తుంగను కోయకూడదు, పీకాలి. ఇనుము తగలకూడదని ఆచారం. పీకినప్పుడు మొదలుదాకా వస్తుంది కాబట్టి కాడ పొడుగ్గా ఉంటుందన్నది నేను చూసిన లాభం. వెంటనే అల్లకపోతే తడి పేపర్లో చుట్టి ఉంచండి, లేకుంటే మడతపెట్టిన చోట పుటుక్కున విరుగుతుంది.

పొడుగు కాడ ఒకటి నిలువుగా పట్టుకోండి. రెండో కాడను సగానికి మడిచి మొదటిదాని నడుముకు తొడిగి, కొసలు రెండూ కుడివైపుకు వచ్చేలా లాగండి. ఇప్పుడు మొత్తాన్ని గడియారం ముళ్లకు ఎదురుదిశలో పావు చుట్టు తిప్పండి. కుడివైపున్న కొసలు పైకి వస్తాయి. మూడో కాడను మడిచి, పైకి చూస్తున్నవాటన్నిటినీ కలిపి చుట్టి, మళ్లీ కుడికి లాగండి. మళ్లీ పావు చుట్టు. ఇంతే, చివరిదాకా ఇదే. పాతిక ముప్పై కాడలు పట్టేసరికి నడుమ చక్కటి చదరం ఏర్పడుతుంది. నాలుగు చేతుల కొసలకూ రబ్బరు బ్యాండు వేసి, దారం కట్టి, సమంగా కత్తిరించండి. రహస్యమంతా ఎడమచేతి బొటనవేలిలో ఉంది. నడుమ భాగాన్ని అది ఒక్క క్షణం వదిలినా మొత్తం ఊడి ఒళ్లో పడుతుంది. లైబ్రరీలో ప్రతి ఏడూ కనీసం ముగ్గురు పిల్లలు ఏడుస్తారు, ఒక నాన్న కూడా దాదాపు ఆ పని చేస్తాడు.

ఒక ఆదివారం కిల్డేర్ పట్టణానికి రండి. డబ్లిన్ నుంచి రైల్లో గంటలోపే. ‘కిల్ దారా’ అంటే ఓక్ చెట్టు గుడి. కేథడ్రల్ పక్కన సుమారు 33 మీటర్ల గుండ్రటి రాతి గోపురం ఉంది. ఆవరణలోనే నేలకు కాస్త ఎత్తులో చదరపు రాతి పునాది కనిపిస్తుంది. అగ్నిమందిరం ఉన్న చోటు అదేనంటారు. పన్నెండో శతాబ్దం చివర్లో వేల్స్ నుంచి వచ్చిన గెరాల్డ్ అనే మతాధికారి ఇక్కడి నిప్పు గురించి రాశాడు. పందొమ్మిదిమంది సన్యాసినులు వంతులవారీగా రాత్రికి ఒకరు చొప్పున దాన్ని కాపాడేవారట. ఇరవయ్యో రాత్రి చివరి సన్యాసిని కట్టెలు పేర్చి, ‘బ్రిజిడ్, నీ నిప్పును నువ్వు చూసుకో, ఈ రాత్రి నీ వంతు’ అని వెళ్లిపోయేదట. తెల్లారి చూస్తే కట్టెలు కాలి ఉండేవి, నిప్పు ఉండేది. చుట్టూ కంచె, లోపలికి మగవాడు అడుగుపెట్టకూడదు. ఎన్నేళ్లు మండినా బూడిద పెరగలేదని కూడా రాశాడు. గెరాల్డ్ అద్భుతాలను కొంచెం ధారాళంగా నమ్మే మనిషి. కానీ వంతుల లెక్క అంత కచ్చితంగా చెప్పాడంటే ఎవరో ఎదురుగా కూర్చుని చెప్పి ఉంటారనే నా అనుమానం.

పదహారో శతాబ్దంలో మఠాలను మూసేయడంతో ఆ నిప్పు ఆరింది. 1993లో బ్రిజిడైన్ సన్యాసినులు పట్టణం నడిబొడ్డున దాన్ని మళ్లీ వెలిగించి, తమ దగ్గర కాపాడుతూ వచ్చారు. ఆ మంట ఇప్పుడు ఊరి అంచునున్న సొలస్ వ్రీజె కేంద్రంలో ఉంది. అక్కడికి ఎవరైనా వెళ్లి కాసేపు మౌనంగా కూర్చోవచ్చు. 2006లో అప్పటి అధ్యక్షురాలు మేరీ మెకలీస్ పట్టణ కూడలిలోనూ ఒక జ్యోతి వెలిగించారు. అక్కడినుంచి కొంచెం దూరంలో బ్రిజిడ్ బావి ఉంది. పేరుకు బావి, చూస్తే చిన్న ఊట. పక్కనున్న చెట్టుకు మొక్కులు మొక్కినవాళ్లు కట్టిన గుడ్డపీలికలు, రిబ్బన్లు వేలాడుతుంటాయి. మా అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్తే ఏమీ అడగలేదు. చీర కొంగు చివర ఊడిన దారప్పోగు తెంపి కట్టి వచ్చింది.

ఇక మిగిలింది గోడకు తగిలించుకోవచ్చా అన్న మీ ప్రశ్న. ఇక్కడివాళ్లలో చాలామందికి ఇది మతచిహ్నం కంటే ఇంటిచిహ్నం. చర్చి ముఖం చూడనివాళ్ల వంటింట్లోనూ ఉంటుంది. ఇతర మతాలవాళ్లు పెట్టుకుంటే తప్పుపట్టినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. మీకు మనసు ఒప్పకపోతే పాప బొమ్మల అరలో ఉంచండి, దానికీ ఎవరూ ఏమీ అనరు. మా ఇంట్లో వంటింటి గుమ్మానికి పైన ప్లాస్టిక్ మామిడి తోరణం, దాని పక్కనే సిలువ. పాతది ఏం చేయాలన్నదానికి ఊరికో మాట ఉంది. కొందరు కొత్తది వచ్చాక పొయ్యిలో వేస్తారు, కొందరు ఏటా ఒకటి చేర్చుకుంటూ పోతారు. పెద్దావిడ వంటింటి దూలానికి ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టబోతే వారించింది, లెక్కపెట్టకూడదట. పాప తెచ్చినది నెల తిరిగేసరికి పచ్చదనం పోయి ఎండుగడ్డి రంగుకు మారుతుంది, కాడలు సన్నబడి వదులవుతాయి. పాడైందని పారేయకండి. కొసల దగ్గర దారం ఇంకోసారి బిగించి కట్టండి, వచ్చే జనవరి దాకా ఉంటుంది.